అక్క బొంతలో సూది

తడిసిన బొంతను రాతి మీద వేసి పిండుతున్నాను. ఎంత పిండినా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆర్తి నా కొంగు పట్టుకుని పక్కనే నిలబడి, తనకేమీ తెలియనట్టు కోడిపిల్లల్ని చూస్తోంది.

"పక్క తడిపింది ఎవురే?" అన్నాను.

"కోడి."

"కోడి మన పక్కలో పండుకొనెనా?"

"ఊఁ. దానికి చలి."

కార్తిగ నెల. ఎండ మొహం చూసి నాలుగు రోజులైంది. కోవిల్‌పట్టి నుంచి కడంబూరు పోయే దారిలో మా ఊరు. వాన పడితే నల్లమట్టి కాళ్ళకు రెండో జత చెప్పుల్లా అంటుకుంటుంది. ఉతికిన బట్ట మాత్రం ఆరదు. ఆర్తికి ఉన్నది ఒకటే బొంత. పగలంతా కంచె మీద వేసి, సాయంత్రం పొయ్యి పక్కన కాచి, పొగ వాసనతోనే దానికి కప్పేదాన్ని. మూడు రోజులుగా బిడ్డ దగ్గుతోంది.

ఆర్తి మా అక్క జెయంతి బిడ్డ. అక్క తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆర్తి పుట్టిన పదమూడో రోజు జ్వరంతో పోయింది. అది తొంభై ఆరులో. అప్పటినుంచి బిడ్డను నేనే పెంచుతున్నాను. నాన్న అంతకు ముందే పోయాడు. అమ్మ తెల్లవారకముందే అగ్గిపెట్టెల కంపెనీ వ్యానెక్కి పనికి పోతుంది. నేను ఇంట్లో ఆ పెట్టెల అట్టలు అతికిస్తూ ఆర్తిని చూసుకుంటాను. బావ సీనివాసన్‌కు విరుదునగర్‌లో పప్పు మిల్లులో పని. నెలకొక ఆదివారం వచ్చి బిడ్డను చూసి పోయేవాడు. ఆయన అక్క కాళియమ్మ మాత్రం ఎప్పుడు వచ్చినా ఒకటే మాట అనేది. "నాయన ఉండే బిడ్డ నాయన ఇంట్లో పెరగాల గదా?" ఆ మాట విన్నప్పుడల్లా నేను ఆర్తిని తీసుకుని పెరట్లోకి పోయేదాన్ని. అది నన్ను అమ్మ అనదు, చిన్నమ్మ అనీ అనదు. "సెల్వీ" అని పేరు పెట్టి పిలుస్తుంది. మా అమ్మ పిలవగా నేర్చుకుంది. ఒకనాడు ఆ పిలుపు ఈ ఇంట్లో వినపడదేమోనన్న భయం నాకు ఎప్పుడూ ఉండేది.

తడిబొంతను కంచె మీద వేసి లోపలికి వచ్చాను. తల పైకెత్తాను. దూలానికి కట్టిన తాళ్ళలో అక్క బొంత చుట్టగా ఉంది.

అక్క ఇక్కడ ఉన్న మూడు నెలలూ ఆ బొంత కుట్టింది. ఆరు వరుసలు ముగించింది. ఇంకా మూడు మిగిలాయి.

మా వైపు ఒక పద్ధతి ఉంది. బొంత కుడుతూ ఎవరైనా పోతే సూదిని ఊడదీయరు. కుట్టు ఎక్కడ ఆగిందో అక్కడే గుచ్చి ఉంచి, బొంతను చుట్టి పైన పెడతారు. దాన్ని దించి సూది ఎత్తినవాళ్ళు, పోయిన మనిషి వదిలిపోయినదంతా ఎత్తుకున్నట్టే. మా అవ్వ పోయినప్పుడు చిన్నమ్మ వీరమ్మాళ్ ఆమె బొంత ముగించింది. అవ్వకు చెవిటి తమ్ముడు ఒకాయన ఉండేవాడు. పన్నెండేళ్ళు, ఆయన పోయేదాకా, చిన్నమ్మే కూడు పెట్టింది. పెట్టమని ఎవరూ చెప్పలేదు. సూది ఎత్తింది కదా.

అక్క వదిలిపోయినది ఒక బిడ్డను, ఒక ఇంటిని, ఒక మనిషిని. నేను పెళ్ళి కాని చెల్లెలిని. ఆ సూది నేను ఎత్తితే బావను చేసుకోవడానికి ఒప్పుకున్నట్టే. అమ్మ ఈ సంగతి ఒక్కసారే ఎత్తింది, అక్క పదహారో రోజు కర్మ అయ్యాక.

"బొంత దింపుతావా, సెల్వీ?"

నేను బిడ్డను ఎత్తుకుని పెరట్లోకి పోయాను. అమ్మ మళ్ళీ అడగలేదు.

బావ అంటే ఇష్టం లేక కాదు. ఆ సూది అక్క వేళ్ళు వదిలిన చోటే ఉన్నంతకాలం, అక్క నీళ్ళు తాగడానికి లేచి వెళ్ళిందని, మళ్ళీ వచ్చి కూర్చుంటుందని నాకు అనిపించేది. నేను ఎత్తితే ఇక రాదు.

బావ వచ్చిన ప్రతిసారీ గడపలో చెప్పులు విడిచి, బిడ్డను ఎత్తుకుని, ఒకసారి ఆ దూలం వైపు చూసేవాడు. నేను కనిపెట్టాను. అక్కను వెతుకుతున్నాడనుకున్నాను. సూది సంగతులన్నీ ఆడవాళ్ళవి, మిల్లులో మూటలు మోసే మనిషికి అవేం తెలుస్తాయి అనుకున్నాను. పోయిన నెల, అయిప్పసి వానల్లో, పూర్తిగా తడిసి వచ్చాడు. తడిసిన కాకీ చొక్కా విప్పి, మా నాన్న పాత చొక్కా వేసుకుని కూర్చున్నాడు. విరుదునగర్ నుంచి తెచ్చిన నూనె పరోటా పొట్లం విప్పి ఆర్తికి తుంచి పెడుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"జెయంతి బొంత అట్లనే ఉండాదా, సెల్వీ?"

ఆయన మనసు నొచ్చుకోకూడదని వెంటనే చెప్పాను. "అట్లనే ఉండాది బావా. సూదిని కూడ ఎవురూ తాకలే."

ఆయన తల ఊపాడు. పరోటా సగం వదిలేసి నాలుగు గంటల బస్సుకే వెళ్ళిపోయాడు. ఆరని చొక్కా మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు చలిలో, బిడ్డ దగ్గు వింటూ, ముక్కాలిపీట వేసుకుని బొంతను దించాను.

విప్పితే లోపలినుంచి ఎండిన వేపాకు రాలింది. చుట్టేటప్పుడు అమ్మ పెట్టిందే. పురుగు పట్టకుండా. ఏడో వరుస మొదటి ముక్క దగ్గర సూది ఉంది. తుప్పు పట్టి బట్టకు అతుక్కుపోయింది. వేళ్ళతో లాగితే రాలేదు. పళ్ళతో పట్టి లాగాను. నోట్లో ఇనుము రుచి తగిలింది. సూది ఉన్న చోట గోధుమరంగు మచ్చ మిగిలింది. ఆ సూదినే ఇటుక పొడితో రుద్ది, దారం ఎక్కించాను.

ఆర్తి వచ్చి బొంత మీద బోర్లా పడుకుంది. "ఇది ఎవురిది?"

"మీ అమ్మది."

"మీ అమ్మదా?"

"మీ అమ్మది. నీది."

"కోడికి ఇయ్యము," అంది.

పెళ్ళికి ముందు అక్క కోవిల్‌పట్టిలో ఒక దర్జీ దగ్గర బొత్తాలు కుట్టే పని చేసింది. అక్కడ కింద రాలిన ముక్కలన్నీ చక్కెర గోనెలో దాచి ఇంటికి తెచ్చేది. ఆ గోనె ఇంకా మంచం కింద ఉంది. మూతి విప్పగానే మిషను నూనె వాసన. అన్ని ముక్కలూ ఒకే కొలతకు రావడానికి అగ్గిపెట్టెల అట్ట ఒకటి చదరంగా కోసి పెట్టుకుంది. దాని అంచులు అరిగి మెత్తబడ్డాయి. నేనూ ఆ అట్ట పెట్టే కోశాను. ముదురు నీలం, బడిపిల్లల పావడాలది. పసుపు మీద తెల్ల చుక్కలు, హెడ్‌మాస్టరు భార్య రవికెది. ఆకుపచ్చ సాటిన్ ముక్కను అక్క ఎప్పుడూ చెంపకు రుద్దుకునేది. "దీన్ని కుట్టించుకొన్నామె కల్యాణం ఆగిపోయె, పాపం. గుడ్డ మాత్రం ఎంత మెత్తగ ఉండాదో చూడు," అనేది. నా పదమూడో ఏట దీపావళి పావడ ముక్క కూడా దొరికింది. అది నాకు పొట్టి అయిందని ఏడిస్తే, అక్క అంచు విప్పి మరో గుడ్డ అతికి పొడవు చేసింది. అంచులో మిగిలిన ముక్కను గోనెలో వేసుకుందని నాకు తెలియదు.

అక్క కుట్టు నూకగింజంత. నాది బియ్యపుగింజంత. ఆరో వరుస దాటి ఏడో వరుసకు వస్తే వేలికి తేడా తెలుస్తుంది. సమానం చెయ్యాలని మొదటి రోజు రెండుసార్లు విప్పాను. తర్వాత వదిలేశాను.

ఆ సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చింది. వేళ్ళకు అంటుకున్న అగ్గిపుల్లల మందు రంగు కడుక్కుని, లోపలికి వచ్చి, నా ఒళ్ళో బొంత చూసింది. చాలాసేపు చూసింది.

"రెండేండ్లకి నీకు చలి తెలిసెనా?"

"బిడ్డకి దగ్గు గదమ్మా."

"అవును, అవును. దగ్గు," అని పొయ్యి దగ్గరికి పోయింది. కాసేపటికి బెల్లం నలగ్గొడుతున్న చప్పుడు వినిపించింది. పండగా లేదు, ఏమీ లేదు. అమ్మ పణియారం పోసింది.

మరునాడు నేను లేచేసరికి బొంత పక్కన కొత్త దారపు ఉండ ఉంది.

మధ్యాహ్నం పూట, ఆర్తి పడుకున్నాక కుట్టేదాన్ని. ఏడో వరుస, ఎనిమిదో వరుస ముగిశాయి. సన్న పీలికలన్నీ పొరల మధ్యకు పోయాయి. గోనె రోజురోజుకూ చిక్కిపోయింది. కుడుతూ కుడుతూ నేను విరుదునగర్ ఇంటి గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఒకసారే చూశాను దాన్ని. మునిసిపాలిటీ కుళాయి వీధి చివర ఉంది. అక్క బిందె పట్టుకుని అంత దూరం నడిచేది. ఆ దూరం నేనూ నడవగలను అనుకున్నాను. బావకు ముద్దలో కారం ఎక్కువ ఉండాలని అక్క చెప్పింది. అది గుర్తు చేసుకున్నాను.

తొమ్మిదో వరుసలో చివరి ముక్క దగ్గర గోనె ఖాళీ అయింది. దులిపినా కొలతకు సరిపోయే ముక్క లేదు. మూల మీద ఒక్క చదరం ఖాళీ.

"ఏమన్నా పాత గుడ్డ పెట్టు," అంది అమ్మ.

నేను కొక్కెం మీద ఉన్న బావ కాకీ చొక్కా తీశాను. మెడ దగ్గర ఎలాగూ చిరిగిపోయింది. జేబు మీద కత్తెర పెట్టాను. చెయ్యి ఆగింది. కోస్తే ఇక చొక్కాగా తిరిగి ఇవ్వలేం. తర్వాత కోశాను.

అమ్మ నవ్వింది. అక్క పోయాక అమ్మ అట్లా నవ్వడం నేను చూడలేదు. "అల్లుడు వచ్చి చొక్కా ఏడ అంటే ఏమి చెప్తావే?"

"నువ్వు చెప్పు."

"నేనేల చెప్పేది? కోసిన చెయ్యి చెప్పాల."

జేబును జేబుగానే ఉంచి, మూడు పక్కలా గట్టిగా కుట్టాను. ఆర్తి అప్పుడే దాంట్లో చెయ్యి పెట్టింది. చింతగింజలు దాచింది. ఆ రోజు నుంచి ఆ జేబులో చెయ్యి ఉంటేనే నిద్ర. కార్తిగ మూడో ఆదివారం బొంత ముగిసింది. సూదిని గోడకున్న క్యాలెండరుకు గుచ్చాను.

బావ ఆ నెల రాలేదు. మంగళవారం మా వీధి మునియసామి వచ్చాడు. లారీ నడుపుతాడు, విరుదునగర్ మార్కెట్టుకు మూటలు తోలుతాడు.

"అక్కా, రేపు విరుదునగర్ పోతాండాను. మీ అల్లుడికి ఏమన్నా చెప్పాలనా?" అని అమ్మను అడిగాడు.

నేను తలుపు పక్కనే ఉన్నాను. అమ్మ నా వైపు చూసి, ఆయన వైపు తిరిగింది.

"ఏమీ లేదప్పా. అందరూ సౌక్యమని చెప్పు. బిడ్డకి దగ్గు తగ్గెనని చెప్పు."

ఆయన పోయాక అడిగాను. "చెప్పి ఉండొచ్చు గదమ్మా."

"ఏమని? నా బిడ్డ సూది ఎత్తినాది, వచ్చి తోడుకపో అని లారీలో చెప్పంపేదా? మనము చెప్పేది కాదే అది. వచ్చును. చూచును. వానికే తెలిసిపోవును."

అమ్మ చెప్పింది న్యాయమే అనిపించింది. బొంతను బాగా కనపడేటట్టు మంచం మీద పరిచాను.

తర్వాతి నెల, మార్గళి మొదటి ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి, బావ వచ్చాడు. ఒక్కడే రాలేదు. కాళియమ్మ వదిన కూడా ఉంది. ఆమె చేతిలో కొత్త గుడ్డసంచి. దాంట్లోనుంచి ఎర్ర గౌను అంచు బయటికి కనిపిస్తోంది. ఆర్తి లోపలి గదిలో నిద్రపోతోంది. నేను కాఫీ కలపడానికి పోయాను. పొయ్యి దగ్గర్నుంచి ముందుగది కనపడుతుంది. బావ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఈసారి దూలం వైపు చూడలేదు. అదే నాకు వింతగా అనిపించింది.

"కూర్చో కాళియమ్మా, పీట వేసుకో," అంది అమ్మ. "అన్నం తింటారా?"

"తినే వచ్చితిమి అత్తా. ఒక మాట చెప్పిపోదామని వచ్చితిమి." కాళియమ్మ సంచిని ఒళ్ళో పెట్టుకుంది. "వచ్చే నెల, తై పదో తేదీ ముహూర్తం. అమ్మాయి విళాత్తికుళం పక్క. నాయన లేడు, ఇద్దరు తమ్ముళ్ళు. పేదోళ్ళే, నెమ్మదైన అమ్మాయి. కార్తిగ కడసి శుక్రవారం తాంబూలం మార్చుకొంటిమి."

నా చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి.

మునియసామి వచ్చిన మంగళవారం తర్వాత మూడు రోజులకు వచ్చింది కార్తిగలో ఆ ఆఖరి శుక్రవారం.

"మిమ్ముల తప్పు చెప్పలే అత్తా," అంది కాళియమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "వీడు రెండేండ్లు చూసె. జెయంతి బతికి ఉండంగనే వీనికి చెప్పి ఉండాది, మీ పక్క బొంత పద్ధతి. ప్రతి తూరీ ఈడికి వచ్చి ఇంటికి వచ్చినాక నేను అడుగుతును. ఏమాయరా అని. 'సూది అట్లనే ఉండాది అక్కా' అని చెప్పును, పోయి పండుకొనును. అయిప్పసిలో నోరు విడిచి అడిగే చూసె. మీ సెల్వీ ఎవురూ తాకలే అని చెప్పె. అమ్మాయికి మనసు లేకపోతే ఎవురు ఏమి చేయగలరు? నేనే పట్టుపట్టి వేరే చూసితిని."

బావ వెతికింది మా అక్కను కాదు. రెండేళ్ళుగా, వచ్చిన ప్రతిసారీ, సూది కదిలిందా అని చూశాడు. నేను ఆయన నొచ్చుకోకూడదని చెప్పిన మాట పట్టుకుని ఇంటికి పోయాడు.

అమ్మ నోరు తెరిచింది. "సీనివాసా, ఆ సూది..."

నేను కాఫీ గ్లాసులతో వచ్చి అమ్మ ముందు నిలబడ్డాను. అమ్మ నా మొహం చూసి ఆగిపోయింది. విళాత్తికుళం పక్కన ఒక ఇంట్లో నాయన లేని ఒక అమ్మాయి తాంబూలం పుచ్చుకుని కూర్చుని ఉంది. ఇప్పుడు మేము చెప్పే మాట ఆమె ఇంటి దాకా పోతుంది. పెళ్ళి ఆగిపోయిన ఆమె ఆకుపచ్చ సాటిన్ ముక్క గుర్తుకొచ్చింది.

బావ గ్లాసు అందుకున్నాడు. నా వైపు చూడలేదు.

"అందుకనే పాపని ఇప్పుడే తోడుకపోదామని," అంది కాళియమ్మ, నెమ్మదిగా. "కల్యాణానికి ముందే ఇల్లు అలవాటు కావాల గదా. లేకపోతే కొత్త ఆమెకీ కష్టం, బిడ్డకీ కష్టం. నాకు తెలుసు సెల్వీ, నువ్వు పెంచితివి. లేదనలే. నెలకొక తూరి వచ్చి చూడు." ఆమె ఎర్ర గౌను తీసి మోకాలి మీద పరిచి, ముడతలు సాఫు చేసింది. "పాప ఏడ?"

"నిద్రపోతాంది వదినా," అన్నాను. నా గొంతు బాగానే వచ్చింది. ఎట్లా వచ్చిందో తెలియదు.

"అదీ మంచిదే. మేలుకొంటే ఏడుచును. రేయ్ సీనీ, నిద్రలోనే ఎత్తుకో. బస్సు ఎక్కినాక లేవనీ."

బావ గ్లాసు కింద పెట్టాడు. తాగలేదు. లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

ఆర్తి పక్కకు తిరిగి పడుకుని ఉంది. బావ వంగి ఒక చెయ్యి మెడ కిందా, ఒక చెయ్యి మోకాళ్ళ కిందా పెట్టాడు. ఎత్తాడు. బిడ్డతో పాటు బొంత కూడా లేచింది. ఎక్కడో పట్టుకుందనుకుని చూశాడు. ఆర్తి చెయ్యి జేబులో ఉంది.

ఆయన బిడ్డను మళ్ళీ మెల్లగా దించాడు. చెయ్యి బయటికి తియ్యడానికి జేబు అంచు పట్టుకున్నాడు. పట్టుకుని అట్లాగే ఆగాడు. ఆ కాకీ గుడ్డను బొటనవేలితో ఒకసారి రుద్దాడు. జేబు మూల మీద పప్పు మూటల కొక్కెం తగిలి చిరిగితే ఎప్పుడో అక్క వేసిన అతుకు ఉంది, నూకగింజంత కుట్టు. దాని చుట్టూ నావి. అక్కడినుంచి ఆయన వేలు అంచు పట్టుకుని పోయింది, తొమ్మిదో వరుస, ఎనిమిది, ఏడు. తుప్పు మచ్చ దగ్గర నిలిచింది. సూది లేదు. బొంత నాలుగు పక్కలా అంచు మూసి ఉంది.

జేబులోనుంచి ఒక చింతగింజ జారి కింద పడింది. ఆయన దాన్ని తీసి, ఆర్తి వేళ్ళ పక్కన మళ్ళీ లోపల వేశాడు.

"ఎత్తితివా రా?" బయటినుంచి కాళియమ్మ అడిగింది.

ఆయన లేచి నిలబడ్డాడు. నా పక్కగా రావలసి వచ్చింది, గుమ్మం ఇరుకు. నేను తప్పుకున్నాను. ఆయన నా మొహం చూశాడు, ఒక్కసారి, పూర్తిగా.

ఖాళీ చేతులతో ముందుగదిలోకి నడిచాడు. కాళియమ్మ "ఏమాయరా, బిడ్డ ఏడ?" అంటూ లేచింది. ఆమె మోకాలి మీద గౌను కింద పడింది. అమ్మ స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఇద్దరివైపూ చూడలేదు. గడపలో చెప్పులు తొడుక్కున్నాడు. ఒకటి తిరగబడి ఉంటే కాలితోనే సరిచేసుకున్నాడు. తల వంచి వీధిలోకి దిగి వెళ్ళిపోయాడు.